ఇంటియందు పెద్దజాతి కుక్కల పెంపకము

కొండాపూరు రైతునకు పొలము కావలికి పెద్దకుక్క యక్కఱ. జాతికుక్క పిల్లల నమ్మిన లాభము గలుగునని తలంచుటయు సహజమే. కాని యీ పని లాభముకంటె ముందు బాధ్యతను తెచ్చును.

మొదట జాతి. పొరుగున కర్ణాటకమందలి ముధోలు ప్రాంతపు రైతులు తమ వేటకుక్కలను ఇండ్లయందే పెంచుచున్నారు. 2005లో ఆ జాతి పేర తపాలాబిళ్ల వెలువడినది. మన యెండలకు అట్టివి తగును. దట్టపు బొచ్చుగల శీతలదేశపు కుక్క రేకులయింట వేసవిని భరింపజాలదు.

2017 నాటి కేంద్ర నియమముల ప్రకారము, అమ్మకమునకై కుక్కల నీనించువారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు కావలెను. 18 నెలలు నిండని కుక్కను జతగూర్చరాదు. వరుసగా రెండెదలకు ఈనింపరాదు. జన్మమున 5 ఈతలు మించరాదు. 8 వారములు నిండని పిల్లల నమ్మరాదు.

పెద్దజాతులకు తుంటికీళ్లు చెడు వ్యాధి వంశపారంపర్యముగా వచ్చును. కావున 2 ఏండ్లు నిండిన పిదప ఎక్స్‌రే తీయించి, దోషమున్న కుక్కను విడువవలెను.

చూడికాలము సుమారు 63 దినములు. ఈనుచోట గోడనుండి కొంత యెడముగా కఱ్ఱను అడ్డము కట్టవలెను. లేనిచో బరువైన తల్లి క్రింద పిల్లలు నలిగి చచ్చును. అరగంట తీవ్రముగా నొప్పులు పడియు పిల్ల రానిచో వెంటనే పశువైద్యుని పిలువవలెను. 6 నుండి 8 వారముల వయస్సున మొదటి టీకాయు, 3 నెలలకు పిచ్చికుక్క వ్యాధి టీకాయు వేయింపవలెను.

కొనువారు కుదరకమున్ను ఈనింపకుడు. అమ్ముడుపోని పిల్లను వీథిని విడుచుట దానికి హింస, ఊరికి భయము. దానిని తుదివరకు పోషింపగలవాడే యీ పనికి పూనుకొనవలెను.