వారపు మాత్ర – కణములోని ప్రతి వ్రాత

గత సంవత్సరము మా పెగడపల్లి సమీపమునుండి కీళ్ళవాతముతో బాధపడు ఒక తల్లి నా వద్దకు వచ్చినది. నోటినిండా పుండ్లు, విరేచనములు, మిక్కిలి నీరసము. కషాయము అడిగినది. చీటీ చూచితిని. వారమునకు ఒక్కమారు వేసికొనవలసిన మెథోట్రెక్సేట్ మాత్రను ఆమె ప్రతిదినము వేసికొనుచున్నది. కషాయము ఇయ్యక, ఆ పూటనే జగిత్యాల ఆసుపత్రికి పంపితిని. ప్రాణము దక్కినది.

చిన్న మాత్ర ఇంత పని ఎట్లు చేయును?

మన కణములలో డీఎన్ఏ అను గ్రంథము కలదు. సిరిసిల్ల నేతవారి రెండు పోగుల దారమువలె అది పురిపెట్టుకొని ఉండును. ఒక కణము రెండు కాబోవునపుడు ఆ పురి విడును. ఎడెనిన్‌కు ఎదురుగా థైమిన్, గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్ మాత్రమే అమరును. కావున ప్రతి పాత పోగును అనుసరించి సరియైన కొత్త పోగు తయారగును. రెండు ప్రతులలోను ఒక పోగు పాతది, ఒకటి కొత్తది. 1958లో మెసెల్సన్, స్టాల్ అను శాస్త్రవేత్తలు దీనిని నిరూపించినారు. 600 కోట్లకు పైబడిన అక్షర జంటలు సుమారు 8 గంటలలో ప్రతి అగును. గురుకులమున గురువుగారి గ్రంథమునకు ప్రతి వ్రాయునపుడు మాకు పుటకొక తప్పు దొర్లెడిది. ఇచ్చట వ్రాయు ఎంజైమే వెనుదిరిగి తన తప్పును దిద్దుకొనును. (చరకుడు చెప్పిన బీజభాగావయవము ఇదియేనని కొందరందురు. నేను అట్లనను. అది వేరు కాలపు ఆలోచన, దాని గౌరవము దానికి కలదు.)

థైమిన్ తయారగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అది కొరవడినచో ప్రతి వ్రాత నడుమ ఆగును. ఎముకల మూలుగ, నోరు, ప్రేగులు – ఇచ్చట కణములు నిత్యము కొత్తవి పుట్టుచుండును గనుక మొదటి దెబ్బ వీటికే.

ఈ ఆమ్లము కథలో మన తెలుగువాడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించినారు. అమెరికా వెళ్ళకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించినారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అను, గ్రహణి వంటి వ్యాధితో మరణించినారు. ఆ వ్యాధికి ఉపకరించిన ఫోలిక్ ఆమ్లమును లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే 1945లో కృత్రిమముగా తయారుచేసినది. పిదప ఆ ఆమ్లమువలె కనబడుచు దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్‌ను కూడ చేసినారు. బోస్టనులో ఫార్బర్ దానిని రక్తకేన్సరు గల 16 మంది పిల్లలకిచ్చి, 10 మందికి తాత్కాలిక ఉపశమనము కలిగినదని 1948లో ప్రకటించినారు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

కీళ్ళవాతమునకు ఇది మంచి మందే, వారమునకు ఒక్కమారైనచో. ఆ వారము పేరు, సోమవారమో బుధవారమో, అట్టపై ఇంటివారు పెద్ద అక్షరములతో వ్రాయవలెను. నోటి పుండ్లు, జ్వరము కనబడినచో మాత్ర ఆపి అదే దినమున వైద్యుని చూడవలెను. గర్భిణులు, గర్భము కోరువారు దీనిని తాకరాదు. వారికి కావలసినది ఫోలిక్ ఆమ్లము. తోటకూర, పాలకూర, పెసలు తినవలెను, కూర ఉడికిన నీటిని పారబోయరాదు. వైద్యుడిచ్చిన ఫోలిక్ మాత్రను మాత్రము కూర ఉన్నదికదా అని మానరాదు.