విమానం చక్రానికి గాజుబట్ట తొడుగు

జక్కూరు దగ్గర బళ్ళారి రోడ్డు మీద పోయేవాళ్ళకు చిన్న విమానాలు నెత్తి మీదుగా దిగడం అలవాటే. ఈసారి వాటి చక్రాల వైపు చూడండి. పెద్ద విమానాల్లో లాగా అవి పొట్టలోకి ముడుచుకోవు, కిందనే వేలాడుతుంటాయి. కొన్నిటికి నీటిబొట్టు ఆకారంలో ఒక తొడుగు ఉంటుంది. దాన్ని స్పాట్ అంటారు. అమెరికావాళ్ళయితే వీల్ ప్యాంట్ అంటారు, చక్రానికి ప్యాంటన్నమాట! గాలి చక్రానికి తగిలి సుడి తిరగకుండా జారిపోవడానికే అది. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, కాబట్టి ఇంత చిన్న తొడుగుకూ లెక్కుంది.

మా షెడ్డులో ఫైబర్ గ్లాసు పని. నీళ్ళ ట్యాంకులు, బస్సు బంపర్లు ఎక్కువ. పోయిన వానాకాలంలో ఒక సారు అలాంటి తొడుగే పట్టుకొచ్చారు. కిట్టు తెప్పించి ఆయనే బిగించుకున్న రెండు సీట్ల విమానానిది. స్క్రూ రంధ్రం దగ్గర మొదలైన పగులు వెనక తోక దాకా పాకింది. లోపల ఎండిన బురద, దాని కింద పాత అతుకులు రెండు.

"ఇంకో అతుకు వేసివ్వప్పా" అన్నారు. వద్దన్నాను. అతుకు మీద అతుకు వేస్తే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే అదురు ఎక్కువై మళ్ళీ అక్కడే పగులుతుంది. తొడుగు లేకపోయినా చాలా చిన్న విమానాలు ఎగురుతాయి, కాస్త నెమ్మదిగా. పగిలిన తొడుగుతో దిగడమే ప్రమాదం. ముక్క ఊడి టైరుకు అడ్డం పడితే చక్రం పట్టేసి విమానం పక్కకు తిరుగుతుంది. ఫ్యాక్టరీ విమానమైతే కంపెనీ ఒప్పుకున్న ముక్కే వేయాలి. ఇది సొంతంగా కట్టుకున్నది కాబట్టి రెండో చక్రం తొడుగు మీద అచ్చు తీసి కొత్తది చేద్దామన్నాం.

ట్యాంకులకు మేం వాడేది మ్యాటు. గాజు పోగుల్ని ముక్కలుగా కత్తిరించి అడ్డదిడ్డంగా పరిచింది. బంక బాగా తాగుతుంది, బరువెక్కుతుంది. విమానానికి నేసిన గాజుబట్ట కావాలి. ఒక ముక్క ఇంటికి తెస్తే నాయన వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ముప్పై ఏళ్ళు మిల్లులో మగ్గాల ముందు నిలబడినవాడు.

"సాదా నేతే కదరా. పడుగూ పేకా తెలుస్తూనే ఉన్నాయి. పోగు వెంబడి లాగితే కదలదు, మూలకు లాగితే సాగుతుంది."

సరిగ్గా అదే కిటుకు. క్రాస్ కటింగు జాకెట్టు కుట్టే ఆడవాళ్ళకూ ఇది తెలుసు. ఒక పొర తిన్నగా, దాని మీద పొర ఏటవాలుగా పరిచాం. తిన్నగా ఉన్నది పొడవునా బలాన్నిస్తుంది, ఏటవాలుది మెలితిప్పుడుకు ఆగుతుంది, గుండ్రటి ముక్కు మీద ముడత పడకుండా ఒదుగుతుంది కూడా. స్క్రూలు పడే చోట రెండు పొరలు ఎక్కువ వేశాం.

విమానానికీ బట్టకూ సంబంధం మన ఊరికి కొత్త కాదు. 1958లో హెచ్ఏఎల్ ఎగరేసిన పుష్పక్‌కు రెక్కల మీద పరిచింది బట్టే. 1993లో ఎన్ఏఎల్ ఎగరేసిన హంస ఒళ్ళంతా గాజు పోగూ బంకా.

బంక గట్టిపడ్డాక అంచులు కోయాలి, అరగదీయాలి. అసలు కష్టం అక్కడే. గాజు నుసి చేతుల్లో గుచ్చుకుంటుంది, గొంతులోకి పోతుంది. నాయనకు బ్లో రూం, కార్డింగుల దూది నుసి సంగతి తెలుసు. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ పట్టేసేవాళ్ళను ఎంతమందిని చూశాడో! డాక్టర్లు దాన్ని బిస్సినోసిస్ అంటారు. ఆ రోజుల్లో ముక్కుకు తువ్వాలే మాస్కు. అందుకే "మాస్కు ఇస్తేనే ఆ మిషను ముట్టుకో" అన్నాడు నాయన. తువ్వాలు సన్న నుసిని ఆపదు. బంక ఆవిరికి మళ్ళీ వేరే ఫిల్టరు కావాలి. తడిపి అరగదీస్తే నుసి తక్కువ లేస్తుంది. ఈ పని చేసే పిల్లలు మన కాలనీలో చాలామందే ఉన్నారు. అమ్మా, వాళ్ళ పనిబట్టలు పసిపిల్లల బట్టలతో కలిపి ఉతక్కండి.

బిగింపు ఒక పూట పని. విమానాన్ని ఎగిరేటప్పుడు ఉండే మట్టంలో నిలబెట్టి, ముక్కు నుంచీ తోక నుంచీ మేస్త్రీల గుండు వేలాడదీసి, నేల మీద సుద్ద గీత కొట్టాం. తొడుగు ఆ గీతకు సమాంతరంగా ఉండాలి. వంకరైతే గాలి విమానాన్ని ఒక పక్కకు లాగుతుంది. టైరు చుట్టూ వేలు దూరేంత సందు వదిలాం, లేకుంటే బురదా గులకరాళ్ళూ ఇరుక్కుంటాయి. స్క్రూ తలల కింద వాషర్లు వేశాం. కాటాలో పెడితే కొత్తది పాతదానికంటే తేలిక. సారు ఆ బరువు లాగ్ పుస్తకంలో రాసుకున్నారు.

ఇంజనీరు వచ్చి చక్రం చేత్తో తిప్పి, తొడుగు పట్టుకుని ఊపి, లోపల టార్చి వేసి చూశాడు. నాలుగు రోజులు ఎగిరాక స్క్రూలు ఇంకోసారి బిగించమన్నాడు. వచ్చే ఆదివారం దానికే వెళ్తున్నాను, నాయన కూడా వస్తానంటున్నాడు.