మూడేళ్ల చేతికి నాలుగు గీతల కాపీ

నర్సరీలో చేరిన నెలకే ఏబీసీడీలు రావాలి. ఏడాది తిరిగేసరికి వందదాకా అంకెలు, యూకేజీకల్లా కర్సివ్ రైటింగ్. బడి నుంచి అమ్మానాన్నలు ఎక్కువగా ఆశించేది ఇదే. ఆ వయసు పిల్లలకు కావాల్సింది ఇదేనా?

జూన్‌లో బడులు తెరిచిన కొద్ది వారాలకే ప్లేస్కూళ్ల గేట్ల దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది: “ఇంకా ఏమీ రాయించట్లేదేంటండీ?” పక్కింటి పాప అప్పుడే జెడ్ దాకా రాసేస్తోంది. మన బాబేమో మట్టి పూసుకుని ఇంటికొస్తున్నాడు. అప్పు చేసి ఫీజు కట్టిన తల్లికి గుబులు పుట్టడంలో వింతేముంది? తాము చదువుకోలేకపోయామన్న బాధ, ఇంగ్లిష్ రాక వెనకబడ్డామన్న కొరత, బిడ్డకు ఆ గతి పట్టకూడదన్న తపన ఆ గుబులు వెనక ఉన్నాయి. ఆ ఆశను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ దాన్ని నోటుపుస్తకంలో నిండిన పేజీలతో కొలవడం పిల్లలకు చేటు చేస్తోంది.

గీతకూ ఓ వయసుంది

పిల్లల చేతి పనితనం ఒక వరసలో వస్తుంది. సుమారు 3 ఏళ్లకు గుండ్రాన్ని చూసి గీస్తారు. 4 ఏళ్లకు కూడిక గుర్తు, 5 ఏళ్లకు త్రిభుజం వేయగలుగుతారు. త్రిభుజానికి ఏటవాలు గీత కావాలి. ఇంగ్లిష్‌లో కె, ఎం, ఎక్స్ రాయాలన్నా ఆ గీతే రావాలి. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకల్లో చాలావరకు మూడేళ్లకు ఇంకా గట్టిపడవు. వేళ్లకు పట్టు రాకముందే నాలుగు గీతల మధ్య అక్షరాన్ని ఇమడ్చమంటే పసివాడు పెన్సిల్‌ను పిడికిట్లో బిగిస్తాడు. ఆ పట్టు అలవాటైతే తరవాత మార్చడం కష్టం.

అయిదో ఏట అక్షరాభ్యాసం చేయడం మన పాత ఆనవాయితీ. అప్పుడు కూడా ముందు పెట్టేది బియ్యం పళ్లెం. వీధిబడిలో ఇసుక పరిచేవారు. వేలితో దిద్దితే చెయ్యి నొప్పెట్టదు, తప్పు పోతే అరచేత్తో చెరిపేసి మళ్లీ రాసుకోవచ్చు. ఇప్పుడు మూడేళ్లకే అక్షరాభ్యాసానికి బాసర తీసుకెళ్లి, వచ్చీరాగానే చేతికి పెన్సిలిస్తున్న ఇళ్లు ఎన్నో!

వామనగుంటల్లో లెక్కలు

అంకెలదీ అదే దారి. వందదాకా గడగడా అప్పజెప్పే బాబును ఏడు చింతగింజలు ఇమ్మంటే గుప్పెడు తీసి ఇస్తాడు. అంకె నోటికి వచ్చింది, లెక్క ఇంకా మనసుకు ఎక్కలేదు. వామనగుంటలు ఆడే పాప గుంటకో గింజ వేసుకుంటూ పోతుంది. చేతిలోవి ఎక్కడ అయిపోతాయో ముందే అంచనా కడుతుంది, తన వంతు కోసం ఆగుతుంది. గణితానికి పునాది అక్కడ పడుతుంది.

భాష సంగతి మరీ ముఖ్యం. ఇంట్లో తెలుగులో ప్రశ్నల మీద ప్రశ్నలు గుప్పించే పిల్ల, తెలుగు మాట్లాడొద్దన్న తరగతిలో నోరు కట్టేసుకుని కూర్చుంటుంది. విన్న కథను తన మాటల్లో తిరిగి చెప్పగల బిడ్డకు రేపు పుస్తకంలోని వాక్యం అర్థమవుతుంది. మాటలే కరువైన బిడ్డ అక్షరాలు కూడబలుక్కున్నా భావం చేజారుతుంది. ఇంగ్లిష్ నేర్పాలి, సందేహం లేదు. అమ్మభాష నోరు నొక్కి మాత్రం నేర్పకూడదు.

తొందరతో ఒరిగిందేమిటి?

అయిదేళ్లకు చదవడం మొదలుపెట్టిన పిల్లలనూ, ఏడేళ్లకు మొదలుపెట్టినవారినీ న్యూజిలాండ్‌లో పరిశోధకుడు సెబాస్టియన్ సగేట్ బృందం పోల్చి చూసింది. 11 ఏళ్లు వచ్చేసరికి చదివే సామర్థ్యంలో రెండు బృందాల పిల్లల మధ్యా తేడా మిగల్లేదు. మన దేశంలో అసోం, రాజస్థాన్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలను నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా గమనించిన అధ్యయనం 2017లో వెలువడింది. బడికి కావాల్సిన సంసిద్ధత లేకుండానే ఎంతోమంది ఒకటో తరగతిలో అడుగుపెడుతున్నారని అది తేల్చింది.

నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయాలని యశ్‌పాల్ కమిటీ 1993లోనే సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే పునాది దశగా నిర్ణయించింది. ఆ దశ కోసం 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆరేళ్లలోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలే వద్దంది. ఇన్ని ఉన్నా తరగతిలో కాపీల బరువు తగ్గడం లేదు. తల్లిదండ్రులు రాతే అడుగుతుంటే బడి కూడా రాతనే చూపిస్తుంది.

ఏమడగాలి?

బడిలో చేర్చేముందు ఈ ప్రశ్నలు వేయండి. రోజూ కథ చెబుతారా? ఆరుబయట ఎంతసేపు ఆడనిస్తారు? ఒక టీచర్ దగ్గర ఎంతమంది ఉంటారు? పాప తెలుగులో అడిగితే జవాబు చెబుతారా? ఏడిస్తే దగ్గరికి తీసుకునేదెవరు?

ఇంట్లో బఠాణీలు వలవనివ్వండి. చపాతీ పిండి పిసకనివ్వండి, చొక్కా గుండీలు తానే పెట్టుకోనివ్వండి. పెన్సిల్ పట్టడానికి కావాల్సిన బలం ఆ పనుల్లోనే వస్తుంది. తనంతట తాను అక్షరం అడిగే పిల్లకు సంతోషంగా చూపించండి, విసుగెత్తగానే ఆపేయండి. పేరు పెట్టి పిలిచినా పలకకపోతున్నా, మూడేళ్లు దాటినా చిన్న చిన్న వాక్యాలు రాకపోతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. ఆందోళన పడాల్సింది అలాంటి వాటికి.

ఫీజు కట్టేవారి మాటకు బడిలో విలువ ఉంటుంది. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో నలుగురు తల్లిదండ్రులు కలిసి, నర్సరీకి రాత హోంవర్క్ వద్దని, ఆ సమయం ఆటకూ కథకూ ఇవ్వమని గట్టిగా అడగండి. పిల్లల కోసం ఏ బడినైనా మార్చగల శక్తి మీ చేతుల్లోనే ఉంది.