గ్రంథనిర్మాణం – పి.డి.ఎఫ్. పరివర్తనం : దోషనిర్ణయ పద్ధతి

ప్రాచీన గ్రంథాలను కంప్యూటరులో నిక్షేపించి పి.డి.ఎఫ్. ప్రతులుగా వెలువరించడం నేడు గ్రంథపరిష్కర్తల కర్తవ్యాలలో ఒకటైంది. ఈ పరివర్తనంలో కలిగే దోషాలు పుటమీద బయటపడతాయి. పద్యసంఖ్య తప్పుతుంది, విషయసూచికలో ఒక భాగం లోపిస్తుంది, పుట శీర్షికలో ఒక కవికి మారుగా మరొక కవి పేరు పడుతుంది. పుటమీద కనిపించిన దోషాన్ని పుటమీదనే దిద్దడం అలవాటు. కాని పెక్కు దోషాలకు మూలం పుటలో ఉండదు. గ్రంథనిర్మాణాన్ని గుర్తించిన తీరులో ఉంటుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలకు చెందిన వాఙ్మయాన్ని ఉదాహరణగా గ్రహించి ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

నిర్మాణం – రూపం

అడోబి సంస్థ 1993లో ప్రవేశపెట్టిన పి.డి.ఎఫ్. ఏ యంత్రంలోనైనా పుట ఒకే రూపంలో కనిపించడానికి ఉద్దేశించింది. ఏ అక్షరరూపం పుటలో ఎక్కడ ఉన్నదో అది ప్రధానంగా నమోదు చేస్తుంది. ఇది పద్యం, ఇది వచనం, ఇది శీర్షిక అనే వివేకం దానికి సహజం కాదు. ఆ వివేకాన్ని చేర్చే నిర్మాణసూచికలు 2001లో వచ్చిన 1.4వ రూపంలో ప్రవేశించాయి. మూలప్రతి స్థితి వేరు. 1998లో ప్రమాణంగా ఏర్పడిన ఎక్స్.ఎం.ఎల్. పద్ధతిలోను, దాని ఆధారంగా సాహిత్యగ్రంథాలకు నేడు వాడుతున్న టి.ఇ.ఐ. నియమావళిలోను స్కంధం, పద్యం, పాదం ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి. కాబట్టి దోషం ప్రవేశించగల స్థానాలు మూడు: మూలప్రతి, పరివర్తన నియమాలు, పి.డి.ఎఫ్. ప్రతి. ఏ స్థానంలో ప్రవేశించిందో తెలియక చేసిన సవరణ నిలువదు. మరల పరివర్తనం చేయగానే ఆ దోషం తిరిగి వస్తుంది.

భాగవతం

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర పోతన పేరుతో ప్రసిద్ధమైన గ్రామం. ఆంధ్ర మహాభాగవతం పన్నెండు స్కంధాల గ్రంథమైనా ఏకకర్తృకం కాదు. పంచమస్కంధం గంగన, షష్ఠస్కంధం సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయ రచించారు. కర్తృనామాన్ని గ్రంథం మొత్తానికి ఒకేచోట చేర్చినట్లయితే ప్రతి పుట శీర్షికలోను పోతన పేరే ముద్రితమవుతుంది. ఆ పుటను నమ్మిన పరిశోధకుడు గంగన పద్యాన్ని పోతన శైలికి ఉదాహరణగా చూపుతాడు. కర్తృనామాన్ని స్కంధస్థాయిలో నిలపడమే దీనికి పరిహారం.

దశమస్కంధం పూర్వోత్తర భాగాలుగా ఉంది. ఉత్తరభాగంలో పద్యసంఖ్య మరల ఒకటితో ఆరంభమయ్యే ప్రతులలో "10–1" అనే గుర్తు రెండు పద్యాలకు వస్తుంది. ఎక్స్.ఎం.ఎల్.లో ఒక గుర్తు ఒక అంశానికే చెందాలి. అంతేకాదు, అది అంకెతో ఆరంభం కారాదు. గుర్తులో ముందు ఒక అక్షరం, స్కంధసంఖ్య, భాగసంఖ్య, పద్యసంఖ్య వరుసగా ఉంటే ఈ రెండు చిక్కులూ తీరుతాయి.

సీసపద్యం మరొక చిక్కు. సీసపాదాన్ని రెండు పంక్తులుగా ముద్రించడం ఆచారం. ఆ ముద్రణ పంక్తులనే పాదాలుగా గుర్తిస్తే సీసానికి నాలుగు పాదాలకు మారుగా ఎనిమిది లెక్కకు వస్తాయి. సీసం క్రింది ఎత్తుగీతిని వేరు పద్యంగా గుర్తిస్తే ప్రతి సీసానికీ సంఖ్య ఒకటి పెరుగుతుంది. సీసమూ ఎత్తుగీతీ ఒకే సంఖ్యలో ఒదగాలి.

ద్విపద

పాలకుర్తితో పేరు ముడిపడిన పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఏడు ఆశ్వాసాల ద్విపదకావ్యం. ఇక్కడ ప్రమాణం రెండు పాదాల జంట. ఆశ్వాసమంతటినీ ఒకే పరిచ్ఛేదంగా టైపు చేసి పంక్తులను మాత్రం విరిచినట్లయితే జంట ఏదో యంత్రానికి తెలియదు. ఒక పాదం పుట చివర, రెండవది మరుసటి పుట మొదట పడుతుంది. ప్రతి జంటను గుర్తించి, దానిని విడదీయరాదనే నియమాన్ని పరివర్తనంలో చేర్చాలి.

శాసనాలు

శాసనాలలో చిక్కు ఇంకా లోతైనది. మహబూబాబాద్ జిల్లాలోని కొరవి శాసనం వంటి గద్యశాసనంలో శిలాపంక్తి పదమధ్యంలో విరగవచ్చు. రేచర్ల రుద్రుని 1213 నాటి పాలంపేట శాసనం వంటి శ్లోకశాసనంలో శిలాపంక్తి వేరు, శ్లోకపాదం వేరు. అవి ఒకదాన్నొకటి ఖండిస్తాయి. ఎక్స్.ఎం.ఎల్. ఇట్టి ఖండనాన్ని అంగీకరించదు. అందువల్ల శ్లోకపాదాన్ని అంశంగా నిలిపి, శిలాపంక్తి మారినచోట శూన్యచిహ్నాన్ని మాత్రం ఉంచాలి. పదం విరిగినచోట అది ఒకే పదమని చిహ్నంలోనే తెలపాలి, లేనిచో పి.డి.ఎఫ్.లో ఆ పదం వెదకినా దొరకదు.

స్థలసూచిక విషయంలోను జాగ్రత్త అవసరం. పాలంపేట 2016 వరకు వరంగల్ జిల్లాలోను, తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను ఉండి, 2019లో ములుగు జిల్లాలో చేరింది. జిల్లాపేరును గ్రామనామంతో కలిపి వ్రాసినచో ఒకే గ్రామం సూచికలో మూడు చోట్ల కనిపిస్తుంది. గ్రామానికి స్థిరమైన గుర్తు, జిల్లాకు కాలనిర్దేశం వేరువేరుగా ఉండాలి.

లిపి

నిర్మాణం సరిగా ఉండికూడా వెదకుట విఫలమైనచో దోషం లిపిలో ఉన్నదని గ్రహించాలి. యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లతో టైపు చేసిన ప్రతిలో కంటికి తెలుగు కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ప్రాచీన శాసనాలలోని "ఴ" యూనికోడ్‌లో 2014లో చేరింది. పాత ఫాంటులో దానికి మారుగా ఖాళీ గడి కనిపించవచ్చు. అరసున్న, బండి ఱ, వత్తులు ఉన్న పద్యాన్ని పి.డి.ఎఫ్. నుండి ప్రతిచేసి మూలంతో పోల్చడం దీనికి సులభపరీక్ష.

నిర్ణయక్రమం

మొదట మూలప్రతిని నియమావళితో సరిచూడాలి. పిదప స్కంధానికి, ఆశ్వాసానికి ఎన్ని పద్యాలు లెక్కకు వచ్చినవో ప్రామాణిక ముద్రితప్రతితో పోల్చాలి. లెక్క సరిపడితే పరివర్తన నియమాలను, అవీ సరియైనచో ఫాంటును పరీక్షించాలి. ఛందస్సు, కర్తృనిర్ణయం, శాసనపఠనం ఎరిగిన పండితుడు మాత్రమే పద్యం ఎక్కడ ముగిసిందో, కర్త ఎక్కడ మారాడో చెప్పగలడు. కాబట్టి మూలప్రతి నిర్మాణాన్ని గుర్తించే పని యంత్రజ్ఞునికి వదలివేయదగినది కాదు. అది గ్రంథపరిష్కరణలో అంతర్భాగమే.