మోక్షానికి దోవ... జర్మనీ మీదుగా!

తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాలు ఎక్కడ తయారయ్యాయో తెలుసా? మద్రాసు అనుకుంటారు కొందరు. కలకత్తా దగ్గరి శ్రీరాంపూర్ అంటారు మరికొందరు. రెండూ కాదు. సముద్రాలు దాటి, జర్మనీలోని హాలె పట్టణంలో, ఓ అనాథాశ్రమానికి చెందిన ముద్రణాలయంలో! అదీ 1746లో.

వాటిని అచ్చు వేయించినాయన బెంజమిన్ షుల్జ్. జర్మన్ ప్రొటెస్టెంట్ పాదిరీ. బైబిలును తెలుగులోకి తెచ్చేందుకు ఏళ్ల తరబడి కష్టపడ్డ పండితుడు. చిత్రమేమిటంటే, ఆయన జీవితంలో చేసిన అతి పెద్ద పని అచ్చుకు నోచుకోలేదు. చేతిలో ఇమిడిపోయే చిన్న పుస్తకాలే ఆయన్ని చరిత్రలో నిలబెట్టాయి.

తరంగంబాడి తీరాన...

షుల్జ్ 1689లో సోనెన్‌బర్గ్‌లో పుట్టాడు. హాలెలో చదువుకున్నాడు. తమిళ తీరంలోని తరంగంబాడి అప్పట్లో డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉండేది. అక్కడ బార్తలోమియస్ జీగెన్‌బాల్గ్ అనే పాదిరీ బైబిలు కొత్త నిబంధనను తమిళంలోకి అనువదించి అచ్చు వేయించాడు. పాత నిబంధన మొదలుపెట్టాడు గానీ, పూర్తి చేయకుండానే 1719లో కన్నుమూశాడు. అదే ఏడాది షుల్జ్ ఓడ దిగాడు. ఆగిపోయిన పనిని అందుకుని 1728 నాటికి తమిళ బైబిలు పూర్తి చేశాడు.

ఆయనకు భాషలంటే ఎంత ఆసక్తో చెప్పే ముచ్చట ఒకటుంది. 1725లో రాసిన ఒక ఉత్తరంలో సంస్కృత అంకెలకూ లాటిన్ అంకెలకూ పోలిక ఉందని ఆయన గమనించాడు. మన త్రి, సప్త, నవ, దశ... వాళ్ల త్రేస్, సెప్తెమ్, నోవెమ్, దెకెమ్! సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని సర్ విలియం జోన్స్ కలకత్తాలో ప్రసంగించి పేరు తెచ్చుకున్నది 1786లో. అంటే షుల్జ్ ఉత్తరం తర్వాత 61 ఏళ్లకు.

మద్రాసులో తెలుగు చెవినపడి...

1726లో షుల్జ్ మకాం మద్రాసుకు మారింది. అది ఇంగ్లిషు కంపెనీ పట్నం. ఏ వీధిలోకి వెళ్లినా తమిళంతోపాటు తెలుగూ వినిపించేది. తమిళులు తెలుగును 'వడుగు' అనేవారు. ఆ మాటనే ఆయన లాటిన్‌లోకి తిప్పి 'వారుగిక' అని రాసుకున్నాడు. తెలుగు నేర్చుకోవడమే కాదు, 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణమూ రాశాడు. బ్రౌన్ దొర మద్రాసులో అడుగుపెట్టడానికి అది 89 ఏళ్ల ముందు మాట.

ఆ చేత్తోనే బైబిలు అనువాదం మొదలైంది. ముందు కొత్త నిబంధన, ఆ తర్వాత పాత నిబంధన. 1732 నాటికి రాతప్రతి సిద్ధం. మరి అచ్చు? అక్కడే వచ్చింది చిక్కు. తరంగంబాడి ముద్రణాలయంలో తమిళ అక్షరాలున్నాయి. తెలుగు అక్షరాలు దేశంలో ఎక్కడా పోతపోయలేదు. గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు... అన్నిటికీ సీసపు దిమ్మలు కావాలంటే మాటలా! తెలుగు బైబిలు కాగితాల కట్టగానే ఉండిపోయింది.

చిన్న పుస్తకం, పెద్ద అడుగు

1743లో షుల్జ్ ఇండియా వదిలి హాలెకు తిరిగి వెళ్లిపోయాడు. అప్పటికి వయసు యాభై దాటింది. ఇంకొకరైతే విశ్రాంతి తీసుకునేవారేమో. ఆయన మాత్రం అక్కడే తెలుగు అక్షరాలు చెక్కించి, పోతపోయించాడు. వాటితో 1746, 1747 సంవత్సరాల్లో కొన్ని క్రైస్తవ బోధనా పుస్తకాలు వెలువడ్డాయి. వాటిలో ఒకదాని పేరు 'మోక్షానికి కొంచుపొయ్యే దోవ'. ఇంకొకటి 'నూరు జ్ఞాన వచనాలు'.

ఆ మొదటి పేరును ఒకసారి పైకి చదవండి. పండితుడెవరైనా అయితే 'మోక్షమార్గము' అని తేల్చేసేవాడు. షుల్జ్ 'కొంచుపొయ్యే దోవ' అన్నాడు. మద్రాసు వీధుల్లో విన్న మాట! తెలుగునాట వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి ఉద్యమించడానికి నూటయాభై ఏళ్లకు పైగా ముందే, మన తొలి అచ్చు పుస్తకాల్లో ఒకటి జనం నోటి మాటతో వచ్చిందన్నమాట.

అలాగని ఆయన భాషకు వంక పెట్టలేమా అంటే, పెట్టొచ్చు. ఆయన తమిళ అనువాదం తర్వాతివాళ్లకు రుచించలేదు. మద్రాసులో ఆయన స్థానంలోకి వచ్చిన ఫాబ్రిషియస్ దాన్ని మళ్లీ మొదటి నుంచీ తిరగరాశాడు. నడి వయసులో నేర్చుకున్న పరాయి భాషలో సొగసు పట్టుబడటం అంత తేలిక కాదు మరి.

మరో 122 ఏళ్లు

షుల్జ్ 1760లో హాలెలోనే చనిపోయాడు. బైబిలు తెలుగులో పూర్తిగా అచ్చు కావడానికి చాలామంది చేతులు పడ్డాయి. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ పని మొదలుపెట్టారు. వారికి తోడుగా నిలిచినవాడు ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణుడు. క్రైస్తవం స్వీకరించిన ఆయన సాయం లేకపోతే ఆ అనువాదం ముందుకు సాగేదే కాదు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ మరణించారు. వాళ్లు తయారుచేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. 1818లో కొత్త నిబంధన వచ్చింది. మొత్తం బైబిలు తెలుగువాళ్ల చేతికి అందింది 1854లో. షుల్జ్ రాతప్రతి పూర్తయ్యాక 122 ఏళ్లకు!

ఆదివారం పొద్దున సూర్యాపేట జిల్లా అనంతగిరిలోనో, కోదాడలోనో చంకన బైబిలు పెట్టుకుని ప్రార్థనకు వెళ్లేవాళ్లకు షుల్జ్ పేరు తెలియకపోవచ్చు. వాళ్ల చేతిలోని పుస్తకం ఆయన రాసిందీ కాదు. అయితే ఆయన కథ చర్చి మెట్ల దగ్గరే ఆగిపోదు. బడి పిల్లల వాచకం, ఇంట్లో పంచాంగం, మీరు చదువుతున్న ఈ పేజీ... తెలుగు అక్షరం కాగితంపై అచ్చయిన ప్రతిచోటికీ వస్తుంది.

ఆయన రాసిన తెలుగు వ్యాకరణం కూడా రెండున్నర శతాబ్దాలు రాతప్రతిగానే ఉండి, 1984లో వెలుగు చూసింది. అదెక్కడో చెప్పాలా... మళ్లీ హాలెలోనే!