ఓపీ వరుసలో దగ్గు.. ఆదమరిస్తే ముప్పు
ఆసుపత్రుల్లో క్షయ వ్యాప్తిని అడ్డుకునేది గాలి, వెలుతురే

కడియం: జ్వరానికి మందు కోసం ఆసుపత్రికి వెళ్లినవారు క్షయను వెంట తెచ్చుకునే పరిస్థితి రాకూడదు. దీనికి ఖరీదైన యంత్రాలే అవసరమని చాలామంది భావిస్తారు. వరుసలో దగ్గుతున్న వ్యక్తిని ముందుగా గుర్తించడం, కిటికీలు తెరిచి ఉంచడం అంతకంటే ముఖ్యం. కడియం మండల నర్సరీ కూలీల నుంచి రాజమహేంద్రవరం ప్రభుత్వ బోధనాసుపత్రికి వెళ్లే రోగుల వరకు అందరూ తెలుసుకోవలసిన విషయమిది.

ఎలా సోకుతుంది?
ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు దగ్గినా, తుమ్మినా క్రిములతో కూడిన సూక్ష్మ తుంపరలు వెలువడతాయి. గాలి ఆడని గదిలో ఇవి గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. కంచాలు, దుస్తుల ద్వారా ఈ వ్యాధి సోకదు. హెచ్‌ఐవీ, మధుమేహం ఉన్నవారు, పసిపిల్లలు, నిత్యం రోగుల మధ్య పనిచేసే నర్సులు, ల్యాబ్ సిబ్బంది మరింత జాగ్రత్త వహించాలి.

ప్రమాదం ఎవరితో?
సరైన మందులు క్రమం తప్పక వాడుతున్న రోగి నుంచి వ్యాప్తి త్వరగా తగ్గిపోతుంది. వ్యాధి ఉన్నట్లు తనకే తెలియక ఓపీ వద్ద దగ్గుతూ నిల్చున్న వ్యక్తితోనే అసలు ముప్పు. చెన్నైలో 1956లో ఆరంభమైన పరిశోధన సైతం ఇదే చాటింది. శానిటోరియంలో ఉన్నవారి కుటుంబాలతో పోలిస్తే, ఇంటివద్దే చికిత్స పొందినవారి కుటుంబాలకు అదనపు ముప్పు లేదని దాని ఫలితాల్లో తేలింది. కనుక రోగిని వెలివేయడం తగదు.

ఆసుపత్రిలో ఏం చేయాలి?
గాలి ద్వారా సోకే వ్యాధుల నియంత్రణకు కేంద్ర ఆరోగ్యశాఖ 2010లో మార్గదర్శకాలు జారీ చేసింది. వాటిలోని ప్రధానాంశాలను పాటించడం కష్టమేమీ కాదు.

* చీటీ రాసేచోటే దగ్గు గురించి అడగాలి. దగ్గుతున్నవారికి మాస్కు ఇచ్చి, ఆరుబయట లేదా వరండాలో కూర్చోబెట్టి, ముందుగా పరీక్షించి పంపాలి.
* ఎదురెదురు కిటికీలు, తలుపులు తెరిచి ఉంచాలి. కిటికీలు మూసి ఫ్యాన్ వేస్తే అదే గాలి గదిలో తిరుగుతుంది. చలి, వానల రోజుల్లో దీన్ని మరువరాదు.
* కళ్లె నమూనాను మరుగుదొడ్డిలో కాక, ఆరుబయట జనానికి దూరంగా సేకరించాలి.
* క్షయ రోగుల మధ్య పనిచేసే సిబ్బంది ఎన్95 మాస్కు ధరించాలి.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. చికిత్స కాలంలో పోషకాహారం కోసం అందించే సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు రూ.500 నుంచి రూ.1,000కి పెంచారు. దగ్గేటప్పుడు నోటికి తువ్వాలు అడ్డుపెట్టుకుంటే పక్కవారికి మేలు చేసినట్లే.