తుప్పు పట్టని ఊళ్లో అరిగే కీళ్లు

సౌదీ అరేబియా రాజధాని రియాద్‌లోని మలాజ్, కార్ల రాకపోకలను దృష్టిలో పెట్టుకుని ఆ నగరంలో వేసిన తొలి పేటల్లో ఒకటి. 1950వ దశకంలో ప్రభుత్వ మంత్రిత్వ శాఖలు హిజాజ్ ప్రాంతం నుంచి రియాద్‌కు తరలివచ్చినప్పుడు, వాటి ఉద్యోగుల కోసం పాత ఊరికి ఈశాన్యంగా, అడ్డంగా నిలువుగా సాగే వెడల్పాటి వీధులతో కట్టిన ఈ పేటను అప్పట్లో కొత్త రియాద్ అనేవారు. ఆ దశకం చివర, 1959లో, ఇంగ్లండులోని ట్రయంఫ్ కంపెనీ హెరాల్డ్ అనే చిన్న కారును విడుదల చేసింది. దాని చట్రాన్నే కుదించి, ఇటలీ రూపశిల్పి జొవాన్ని మికెలోట్టి గీసిన బాడీ తొడిగి, 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తెచ్చింది. 1980 వరకు 3 లక్షలకు పైగా తయారైన ఈ కారు ముందు చక్రాల అమరిక తెలుగువారికి పరాయిదేమీ కాదు; మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుంచి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్‌లో ఉన్నదీ ఇదే.

ఇలాంటి కారును మలాజ్‌లో ఉంచుకుని నడపాలనుకునే యజమానికి ఎదురయ్యే ప్రశ్న, విశాఖపట్నంలో అదే కారును ఉంచుకున్న యజమానికి ఎదురయ్యే ప్రశ్న ఒకటి కావు. విశాఖలో ఉప్పు గాలీ వానా కలిసి ఇనుమును తింటాయి కాబట్టి, అక్కడ పాత కారును కొనేవాడు ముందుగా చట్రం అడుగున తుప్పు వెతుకుతాడు. రియాద్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే కావడంతో అక్కడి ఇనుము అర్ధ శతాబ్దం తర్వాత కూడా గట్టిగానే కనిపిస్తుంది. అయితే జులై, ఆగస్టు నెలల్లో పగటి ఉష్ణోగ్రత సగటున 43 డిగ్రీలు దాటే ఆ ఊళ్లో రబ్బరు బిరుసెక్కుతుంది, గ్రీజులోని నూనె ఆరిపోతుంది, సన్నని దుమ్ము ప్రతి సందులోకీ చేరుతుంది. బయటికి నిగనిగలాడే కారుకు లోపల కీళ్లు అరిగి ఉండడం ఎడారి ఊళ్లలో సాధారణం. అందుచేత ముందు సస్పెన్షన్‌ను, స్టీరింగ్‌ను తిరగకట్టే పనిలో అక్కడ పెద్ద భాగాల కంటే చిన్న భాగాలకే ఎక్కువ శ్రద్ధ అవసరమవుతుంది.

ఏ భాగం ఏం చేస్తుంది

సస్పెన్షన్ అంటే చక్రాన్ని కారు చట్రానికి కలుపుతూనే, రోడ్డు ఎగుడుదిగుళ్లకు తగ్గట్టు చక్రం ఒక్కటే పైకీ కిందికీ కదిలేలా చేసే అమరిక. స్పిట్‌ఫైర్‌లో ప్రతి ముందు చక్రాన్నీ రెండు విష్‌బోన్‌లు పట్టుకుని ఉంటాయి. మెకానిక్‌లు ఏ ఆర్మ్ అని పిలిచే ఈ చీలిన చేతుల్లో పైది పొట్టిగా, కిందిది పొడవుగా ఉండడం వల్ల, మలుపులో కారు ఒక పక్కకు ఒరిగినప్పుడు కూడా టైరు వీలైనంత నిటారుగా నేలను అంటుకుని ఉంటుంది. ఈ రెండు చేతుల మధ్య నిలువుగా ఉండే ఉక్కు కమ్మీ, అంటే వర్టికల్ లింక్, చక్రపు ఇరుసును మోస్తుంది. స్ప్రింగు కారు బరువును మోస్తే, దాని మధ్యలో ఉండే షాక్ అబ్జార్బర్ స్ప్రింగు ఊగిసలాటను అణచివేస్తుంది.

స్టీరింగ్ విషయానికి వస్తే, స్టీరింగ్ చక్రం తిప్పినప్పుడు దాని కడ్డీ చివర ఉన్న పినియన్ అనే చిన్న పళ్ల చక్రం, ర్యాక్ అనే పళ్ల కడ్డీని అడ్డంగా జరుపుతుంది; ర్యాక్ రెండు చివర్ల నుంచి బయలుదేరే టై రాడ్‌లు చక్రాలను తిప్పుతాయి. మలుపులో లోపలి చక్రం చిన్న వలయంలోనూ బయటి చక్రం పెద్ద వలయంలోనూ ప్రయాణిస్తాయి కాబట్టి, లోపలిది కాస్త ఎక్కువగా తిరగాలి. మ్యూనిక్‌లో గుర్రపు బండ్లు కట్టే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ 1817లో కనిపెట్టిన ఈ సూత్రానికి, ఇంగ్లండులో 1818లో దాని పేటెంటు తీసుకున్న రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేరే స్థిరపడింది.

విప్పకముందే పట్టుకోవలసిన లోపాలు

విప్పడం మొదలుపెట్టకముందే ఏ కీలు అరిగిందో తేల్చుకోవడం మంచిది. కారును జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కనిపించే ఆట పై బాల్ జాయింట్‌లోనో, కింది కీలులోనో, చక్రపు బేరింగులోనో ఉంటుంది. అదే సమయంలో మరొకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, ఆ ఆట మాయమైన పక్షంలో లోపం బేరింగుది, మిగిలే ఉంటే కీళ్లది. చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కనిపించే ఆట సాధారణంగా టై రాడ్ ఎండ్‌లలోనో, ర్యాక్‌లోనో ఉంటుంది. హెరాల్డ్ వంశపు కార్లలో బానెట్టు మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకు వాలిపోతుంది కాబట్టి ఈ భాగాలన్నీ మెకానిక్ కళ్ల ముందు తేటగా ఉంటాయి. ఈ సౌలభ్యం చాలా పాత కార్లకు లేదు.

విప్పేటప్పుడు ఒకే ఒక్క చోట ప్రాణాపాయం ఉంది. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జోడీగా ఊడి వస్తాయి. అయితే ఆ జోడీని విడదీసే ముందు స్ప్రింగును కంప్రెసర్ అనే బిగింపు సాధనంతో అణచకపోతే, పై నట్టు వదులైన క్షణంలో అందులో అణిగి ఉన్న శక్తి అంతా ఒక్కసారిగా విడుదలై మనిషిని గాయపరుస్తుంది. సరైన సాధనం లేని వర్క్‌షాపులో ఈ పనికి పూనుకోకూడదు.

ట్రనియన్ అనే కంచు కీలు

ఈ కారులో నిజంగా అర్థం చేసుకోవలసిన భాగం వర్టికల్ లింక్ కింది చివర ఉంటుంది. అక్కడ మామూలు బాల్ జాయింట్‌కు బదులు ట్రనియన్ అనే కంచు దిమ్మ ఉంటుంది. వర్టికల్ లింక్ కింది భాగంలో కోసిన మరలు ఈ దిమ్మలోకి దిగి ఉండగా, స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఉక్కు మర కంచు మరలో కొద్దిగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. తేలికగా, చవకగా, బలంగా ఉన్నందున లోటస్ కంపెనీ కూడా తన ఎలాన్ స్పోర్ట్స్ కారుకు ట్రయంఫ్ వారి ఈ అమరికనే తీసుకుంది.

ఈ కీలు మన్నిక అంతా దానికి పోసే నూనె మీద ఆధారపడి ఉంటుంది. తయారీదారు నిర్దేశించినది గ్రీజు కాదు, గేరు బాక్సుల్లో పోసే చిక్కటి 90 నంబరు నూనె. ఎందుకంటే మర పొడవునా పాకి అడుగు దాకా చేరగలిగేది నూనే తప్ప గ్రీజు కాదు. గ్రీజు గన్ను అందుబాటులో ఉంది కదా అని దశాబ్దాల పాటు గ్రీజే కొట్టిన కార్లలో, పై మరల దగ్గర గ్రీజు గడ్డకట్టి, కింది మరలు పొడిగా మిగిలిపోతాయి. తడి దేశాల్లో ఆ ఖాళీలోకి నీరు చేరి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. మలాజ్ వంటి చోట నీటికి బదులు దుమ్ము చేరి, మిగిలిన గ్రీజుతో కలిసి, మరలను రుద్ది రుద్ది పలచన చేస్తుంది. దారి ఏదైనా ముగింపు ఒక్కటే: మరల దగ్గర వర్టికల్ లింక్ విరిగితే చక్రం లోపలికి మడుచుకుపోయి కారు కూలబడుతుంది. కాబట్టి ఈ జంటను విప్పినప్పుడు కంచు దిమ్మను తప్పకుండా మార్చి, ఉక్కు మరలను శుభ్రంగా కడిగి, గుంటలు గానీ పగులు గానీ కనిపిస్తే వర్టికల్ లింక్‌నూ మార్చాలి.

బిగించేటప్పుడు మరో మెలకువ ఉంది. కుడి చక్రపు మరలు ఒక వైపుకు, ఎడమ చక్రపు మరలు దానికి ఎదురు వైపుకు తిరుగుతాయి కాబట్టి దిమ్మలను తారుమారు చేయకూడదు. దిమ్మను చివరిదాకా తిప్పి అక్కడే బిగుసుకుపోనివ్వకుండా, కొద్దిగా వెనక్కి తిప్పి, చక్రం రెండు వైపులా పూర్తిగా తిరిగే స్థానంలో నిలపాలి. లేకపోతే కారు మలుపు తిరిగేటప్పుడు మర అడుగుకు తగిలి, బలమంతా ఆ సన్నని మెడ మీద పడుతుంది.

బుష్‌లు బిగించే వేళ

విష్‌బోన్‌లు చట్రానికి కలిసే చోట రబ్బరు బుష్‌లు ఉంటాయి. రెండు ఇనుప గొట్టాల మధ్య రబ్బరును అతికించి చేసిన ఈ బుష్‌లో జారుడు కదలిక ఏమీ ఉండదు. చక్రం పైకీ కిందికీ పోయినప్పుడు రబ్బరు మెలి తిరిగి, మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్న స్థూల సూత్రం ప్రకారం చూస్తే, ఎడారి ఎండలో ఆరుబయట నిలిపిన కారు రబ్బరుకు ప్రాణవాయువు వల్ల కలిగే చేటు ఎంత త్వరగా జరుగుతుందో ఊహించవచ్చు. తక్కువ తిరిగిన కారు అని మీటరు చూసి మురిసిపోవడం ఇక్కడ పొరపాటు. బుష్‌కు వయసును లెక్కగట్టేది కిలోమీటర్లు కాదు, వేసవులు.

కొత్త బుష్‌లు వేసినా కొన్ని నెలల్లోనే చిరిగిపోయాయన్న ఫిర్యాదుకు కారణం తరచుగా సరుకులో కాక బిగింపులో ఉంటుంది. చక్రాలు గాలిలో వేలాడుతున్నప్పుడే బోల్టులు పూర్తిగా బిగిస్తే, రబ్బరు ఆ స్థానాన్నే తన విశ్రాంతి స్థానంగా తీసుకుంటుంది. కారును కిందికి దించగానే అది మెలిపడి, నిలబడి ఉన్నంతసేపూ లాగుడులోనే ఉంటుంది. అందువల్ల బోల్టులను మొదట వదులుగా ఉంచి, కారును చక్రాల మీద నిలిపి, సీట్లలో ఇద్దరు కూర్చున్నంత బరువు ఉంచి, రెండు మూడు సార్లు కిందికి నొక్కి వదిలిన తర్వాతే పూర్తిగా బిగించాలి. రబ్బరుకు బదులు వాడే పాలీయురెథేన్ బుష్‌లు లోపలి గొట్టం మీద స్వేచ్ఛగా తిరుగుతాయి కాబట్టి వాటికి ఈ నియమం వర్తించదు. అయితే అవి రోడ్డు అదురును ఎక్కువగా చట్రానికి పంపుతాయి, సరైన గ్రీజు లేకపోతే కిర్రుమంటాయి. విప్పిన కొట్టర్ పిన్నులను, నైలాన్ పట్టు ఉన్న నట్లను తిరిగి వాడకూడదన్న నియమానికి మాత్రం ఏ ఊళ్లోనూ మినహాయింపు లేదు.

ర్యాక్, ఆ తర్వాత కొలత

కారు జీవితకాలంలో ఎక్కువ భాగం తిన్నగానే నడుస్తుంది కాబట్టి ర్యాక్ పళ్లు మధ్యలో ఎక్కువగా, చివర్లలో తక్కువగా అరుగుతాయి. మధ్యలో కనిపించే ఆటను తగ్గించడానికి పినియన్ ఎదుట ఉండే బిగింపును గట్టి చేస్తే, అరగని చివర్ల దగ్గర ర్యాక్ పట్టేస్తుంది; అలా పట్టేసే స్థితి వస్తే ర్యాక్ మార్చడమే మార్గం. ర్యాక్ చివర్లకు తొడిగే రబ్బరు బెలోస్ పగిలితే దుమ్ము నేరుగా పళ్ల మీద చేరుతుంది కనుక, రియాద్ లాంటి ఊళ్లో చవకైన ఈ తొడుగు ఖరీదైన ర్యాక్‌ను కాపాడుతుంది. సౌదీలో వాహనాలు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి, స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది. భారత, బ్రిటన్ కార్ల నుంచి తీసిన ర్యాక్ అక్కడి కారుకు పొసగదు, బుష్‌లూ బాల్ జాయింట్‌లూ మాత్రం పొసగుతాయి.

అన్నీ బిగించాక మిగిలేది వీల్ అలైన్‌మెంట్. ముందు నుంచి చూసినప్పుడు చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో చెప్పేది కాంబర్. పక్క నుంచి చూసినప్పుడు చక్రం తిరిగే అక్షం వెనక్కి ఎంత వాలిందో చెప్పేది కాస్టర్. పై నుంచి చూసినప్పుడు రెండు టైర్ల ముందు అంచులు వెనక అంచుల కంటే ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పేది టో. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండడం వల్ల చేతులు వదిలినా హ్యాండిల్ తిన్నగా నిలబడినట్టే, కాస్టర్ ఉన్న కారులో మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వస్తుంది. స్పిట్‌ఫైర్‌లో కాంబర్‌ను, కాస్టర్‌ను కింది విష్‌బోన్ బ్రాకెట్‌కు, చట్రానికి మధ్య పెట్టే పలుచని రేకులతో సరిచేస్తారు, కాబట్టి విప్పేటప్పుడు ఏ బోల్టు దగ్గర ఎన్ని రేకులు ఉన్నాయో రాసిపెట్టుకోవాలి. టోను టై రాడ్‌ల పొడవు మార్చి సరిచేస్తారు. మిగిలినవి కుదిరాకే దీన్ని ముట్టుకోవాలి, ఎందుకంటే కాంబర్ మారిన ప్రతిసారీ టో కూడా మారుతుంది.

కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వెళ్లి గల్ఫ్‌లో డ్రైవర్లుగా, మెకానిక్‌లుగా పనిచేస్తున్న తెలుగువారికి ఈ పనులు చాలా మటుకు చేతి కింద ఉన్నవే. పాత కారు యజమానులు తెలుసుకోవలసిందల్లా, ఖర్చు పెట్టవలసిన చోటు క్రోము బంపర్ల మీద గానీ కొత్త రంగు మీద గానీ కాదన్న సంగతి. రబ్బరు, నూనె, బిగింపు క్రమం అనే మూడింటినీ సరిగ్గా చూసుకున్న స్పిట్‌ఫైర్ మలాజ్ వీధుల్లోనూ, హెరాల్డ్ విజయవాడ వీధుల్లోనూ నమ్మకంగా మలుపు తిరుగుతాయి. ఈ మూడింటినీ వదిలేసిన కారు ఎంత అందంగా మెరిసినా దాన్ని రోడ్డెక్కించకూడదు.